అపోహలు - వాస్తవాలు: నల్లగా ఉంటే గ్రానైటేనా?

నేను జియాలజిస్ట్‌ని, ఉండేది బెంగళూరులో. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళు ఎక్కువ, ఎవరు కిచెన్ చేయించుకుంటున్నా శాంపిల్ ముక్క పట్టుకుని మా తలుపు కొడతారు. వాళ్ళ దగ్గర వినీ వినీ ఇది రాస్తున్నా.

అపోహ: నల్ల రాయంతా గ్రానైటే

పై ఫ్లోర్ అక్క ఓ రోజు ఫోన్ చేసి "తమ్ముడూ, గ్రానైట్ మీద నిమ్మచెక్క పెట్టి మర్చిపోయా, పొద్దున చూస్తే గుండ్రంగా తెల్లమచ్చ, ఎంత రుద్దినా పోవట్లేదు" అంది. వెళ్ళి చూస్తే అది పాలిష్ కొట్టిన కడప బండ! గ్రానైట్ అని చెప్పి అంటగట్టారు పాపం. కడప బండ అంటే సున్నపురాయి, అందులో ముఖ్యంగా ఉండేది కాల్సైట్ అనే మెత్తటి ఖనిజం, పులుపు తగిలితే కరుగుద్ది, చాకుతో గీస్తే గీత పడుద్ది. అసలు గ్రానైట్‌లో పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే గట్టి ఖనిజాలు ఉంటాయి, వాటిమీద గీస్తే చాకే అరిగి బూడిదరంగు గీత వదుల్తుంది, వేలితో తుడిస్తే పోద్ది. కొనేముందు ఓ ముక్క అడిగి నిమ్మరసం చుక్క వేసి చూడండి, ముక్క ఇవ్వనంటే ఇంకో షాపుకెళ్ళండి.

అన్నట్టు మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ కూడా షాపులోనే గ్రానైట్, మా జియాలజిస్టుల లెక్కలో అది గాబ్రో అనే వేరే రాయి కుటుంబం. రాయి మంచిదే, పేరే తప్పు. అందులో మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు, గోకి లాభం లేదు.

అపోహ: రాయి, ఖనిజం ఒకటే

ఖనిజం అంటే ఒక్కటే పదార్థం, దానికో ఫార్ములా, లోపల పరమాణువులు ఒక వరసలో ఉంటాయి. రాయి అంటే మిక్చర్ పొట్లం, బూందీ, కారప్పూస, పల్లీలు ఏపాళ్ళలో ఉన్నాయో చూసి పేరు పెడతాం.

అపోహ: గ్రానైట్ అంటే గట్టిపడ్డ లావా

లావా అంటే బయటికొచ్చింది. గ్రానైట్ అయిన మాగ్మా, అంటే భూమి లోపల కరిగి ఉన్న రాయి, అసలు బయటికే రాలేదు, భూమి లోపలే వేల, లక్షల ఏళ్ళు నిదానంగా చల్లారింది కాబట్టి పలుకులు కంటికి కనిపించేంత పెరిగాయి. అదే మాగ్మా బయటికొచ్చి గబగబా చల్లారితే పలుకు కంటికి కనపడని రయోలైట్ అనే రాయి అవుద్ది. మన వికారాబాద్ వైపు నల్లరాయి, బసాల్ట్, కూడా అలా బయటికొచ్చి చల్లారిందే, కాకపోతే దాని మాగ్మా వేరే రకం.

అపోహ: లాల్‌బాగ్ గుట్ట గ్రానైట్

ఇది చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. మా బెంగళూరు లాల్‌బాగ్ తోటలో కెంపేగౌడ గోపురం కింద ఉన్న ఆ గుట్ట నైస్ అనే రూపాంతర శిల, వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. రూపాంతరం అంటే కరిగి మళ్ళీ గడ్డకట్టడం అనుకుంటారు, కాదండీ, పూర్తిగా కరిగితే అది మళ్ళీ మాగ్మానే. వేడికీ ఒత్తిడికీ రాయి రాయిగానే ఉండి లోపల ఖనిజాలు సర్దుకుంటాయి, నల్లటి అభ్రకం ఒక చారగా, పలుగూ ఫెల్డ్‌స్పారూ తెల్లగా ఇంకో చారగా. ఆదివారం పొద్దున్నే వెళ్తే ఏటవాలు వెలుతుర్లో ఆ చారలు బాగా తెలుస్తాయి, పదైతే బండ కాలిపోద్ది, చెప్పులు తీయకండి.