అంచు పదును ఎక్కడిది? జ్యామితీయ స్క్రీన్ ప్రింటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో స్క్రీన్ ప్రింటింగ్ అనగానే చాలామందికి పెండ్లి పత్రికలే గుర్తుకొస్తాయి. అంచులు ఖచ్చితంగా తెగిన చతురస్రాలు, పట్టీలతో నేను తీసే ముద్రణల గురించి తరచుగా వినిపించే మాటలకు ఇది సమాధానం.

అపోహ: ఇది పెయింటింగ్‌కు నకలు.

చిత్రకారుడు ఆ ముద్రణ కోసమే రంగులనూ, సిరా ఎక్కడ దిగాలో నిర్ణయించే అచ్చులైన స్టెన్సిళ్లనూ రూపొందించి, పరిమిత సంఖ్యలో తీసి, వరుస సంఖ్య వేసి సంతకం చేస్తే అది మూల కళాకృతే. 1950లో చతురస్రాల చిత్రమాలికను మొదలుపెట్టిన జర్మన్-అమెరికన్ చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్, రంగుల పరస్పర ప్రభావంపై 1963లో వెలువరించిన గ్రంథానికి సిల్క్‌స్క్రీన్ (స్క్రీన్ ప్రింటింగ్‌కే మరో పేరు) ముద్రణలనే ఎంచుకున్నారు. కుంచె జాడ లేని సమమైన రంగు ఆ పాఠానికి అవసరం.

అపోహ: కంప్యూటర్‌లో గీత పదునుగా ఉంటే కాగితం మీదా అలాగే వస్తుంది.

స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నని వల, అంటే మెష్; అది కూడా నేతే. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన దర్రీలో ఏటవాలు అంచు దగ్గరగా చూస్తే మెట్లుమెట్లుగా కనిపించినట్టే, మెష్ దారాలకు స్వల్ప కోణంలో సాగే గీత రంపపు పళ్లు తేలుతుంది. సెంటీమీటరుకు 90 నుంచి 120 దారాలుండే పాలిస్టర్ మెష్ వాడడం ఒక జాగ్రత్త మాత్రమే. అసలు పని ఎమల్షన్‌ది, అంటే మెష్ మీద పూసి వెలుతురుతో గట్టిపరిచి స్టెన్సిల్‌గా మార్చే పొరది. కాగితానికి తగిలే వైపు ఆ పొర దారాల ఎత్తుపల్లాలను పూర్తిగా కప్పి నునుపుగా ఉంటేనే సిరా దారాన్ని కాక స్టెన్సిల్‌ను అనుసరిస్తుంది. స్క్రీన్ కాగితానికి కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులో నిలిచి, సిరాను నెట్టే రబ్బరు పట్టీ అయిన స్క్వీజీ దాటగానే పైకి లేవాలి; స్క్వీజీ రబ్బరు మొద్దుబారినా, చేతి ఒత్తిడి ఎక్కువైనా సిరా అంచు కిందికి పాకుతుంది. ఈ దోషాలను ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

అపోహ: రెండు రంగులు సరిగ్గా అంచుకు అంచు తగలాలి.

అలా ప్రయత్నిస్తే ఎక్కడో ఒకచోట తెల్ల కాగితం సన్నగా బయటపడుతుంది. అందుకే లేత రంగును ముందుగా హద్దు దాటించి వేసి, దానిపైకి ముదురు రంగును అర మిల్లీమీటరు లోపు ఎక్కిస్తాం. సిరా పారదర్శకమైతే ఆ మేర మూడో గీత తేలుతుంది కాబట్టి కింది రంగును పూర్తిగా కప్పే సిరా ఎంచుకోవాలి, లేదా ఆ గీతనే చిత్రంలో కలుపుకోవాలి. నాకు మొదటిదే ఇష్టం.

వానాకాలంలో ప్రింట్ తీయరాదన్న మాటలో సగం నిజముంది. తేమకు కాగితం సాగుతుంది, అదీ నారల దిశకు అడ్డంగా ఎక్కువ. రంగుకూ రంగుకూ మధ్య కొలత మారితే రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదానితో ఒకటి సరిగ్గా కూడే అమరిక, తప్పుతుంది. కాగితాలను ముందురోజే ముద్రణ గదిలో విడివిడిగా పరిస్తే ఇబ్బంది తగ్గుతుంది. నిజానికి మే నెల ఎండలే ఎక్కువ కష్టం: నీటి ఆధారిత సిరా మెష్‌లోనే ఎండి సన్నని మూలలను పూడ్చేస్తుంది. ప్రతి ముద్రణ తరువాత స్క్రీన్ మీద సిరాను పలుచగా పరచి ఉంచితే రంధ్రాలు తడి ఆరకుండా ఉంటాయి.