చదువు దేనికి? తెలుగు నేల మీద 150 ఏళ్ల వాదన

పదో తరగతి పాసై ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన పిల్లలకు సోషల్ సబ్జెక్టు దాదాపు అక్కడితో ఆగిపోతుంది. మరో మూడేళ్లకు చేతికి ఓటు వస్తుంది. ఓటు వేసేవాడికి తెలిసి ఉండాల్సిన రాజ్యాంగం, కోర్టులు, హక్కుల గురించి క్లాసులో శ్రద్ధగా విన్నది పదిహేనేళ్ల వయసులోనే. ఈ ఏర్పాటు మనకు ఎంత అలవాటైందంటే, ఇది మొదటినుంచీ ఇలాగే ఉందనుకుంటాం. నిజానికి చదువు దేనికన్న ప్రశ్న మీద ఈ నేల మీద చాలా పెద్ద వాదనే నడిచింది.

1835లో బ్రిటిష్ అధికారి మెకాలే ఇక్కడి చదువుపై తన ప్రతిపాదన రాసినప్పుడు తెల్లవారికీ ప్రజలకూ మధ్య దుబాసీలుగా పనికొచ్చే వర్గం ఒకటి కావాలన్నాడు. 1854 నాటి వుడ్ నివేదిక కూడా ప్రభుత్వ కొలువులకు నమ్మకమైన మనుషులు దొరకడం చదువు లాభాల్లో ఒకటని చెప్పింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. తెలుగు జిల్లాల పిల్లలు పట్టా కోసం దాని పరీక్షలే రాసేవారు. పాలకులు కోరింది గుమస్తాలను. కానీ ఆ చదువుతో పాటు ఇంగ్లండు పార్లమెంటు చరిత్ర, వ్యక్తి స్వేచ్ఛ గురించిన వాదనలు కూడా వచ్చాయి. వాటిని చదివినవాళ్లు తమ ఊళ్లోని ఆచారాలనూ తమను ఏలేవారినీ ప్రశ్నించడం మొదలుపెట్టారు.

కందుకూరి వీరేశలింగం కథలో ఇది బాగా కనిపిస్తుంది. 1874లో ఆయన ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలైంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరి పెద్దలు వెలి వేస్తామన్నారు. ఆయన పక్కన నిలబడింది ఎక్కువగా కాలేజీ విద్యార్థులు. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. ఆ కుర్రాళ్లకు దీనివల్ల ఉద్యోగాలు రావు, పైగా సొంత ఇళ్లలో తిట్లు. అయినా నిలబడ్డారు. చదువు మనిషిలో ఏం మార్చగలదని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

కానీ ఆ కాలేజీ గేటు దాటగలిగింది ఎవరు? 1882లో చదువుల తీరు చూడటానికి ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాఙ్మూలంలో మహాత్మా ఫూలే ఈ ప్రశ్నే వేశారు. శిస్తు కట్టేది రైతు, ఆ డబ్బుతో పైచదువు చదివేది అగ్రవర్ణాల పిల్లలు అని, ముందు ఊరూరా ప్రాథమిక విద్య ఇమ్మని అడిగారు. ఉదారవాద భావాల గురించి మాట్లాడే ప్రతివాడూ ఈ వాఙ్మూలం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పిడికెడు మందికి అందే స్వేచ్ఛా చింతన ప్రజాస్వామ్యానికి చాలదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం బడులు నడపడం వెనుక ఉన్నది కూడా ఈ బాధే. గోఖలే 1911లో కేంద్ర శాసన మండలిలో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెడితే మరుసటి ఏడాది 13 ఓట్లకు ఎదురుగా 38 ఓట్లతో ఓడించారు.

బడి అందనివాళ్ల కోసం గ్రంథాలయాలు వచ్చాయి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడ కేంద్రంగా అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు నిలబెట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఇందులో ముఖ్యమైనవి. రచ్చబండ దగ్గర ఒకరు పత్రిక చదువుతుంటే పదిమంది వినడం అప్పటి మామూలు దృశ్యం.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహం నాటి అణచివేత చూసి, 1930లో దానికి నిరసనగా ఆయన రాజీనామా ఇచ్చారు. తానే పెంచుతున్న విశ్వవిద్యాలయం, చేతిలో బోలెడు పని. అయినా ప్రజల తలలు పగులుతుంటే ఆ కుర్చీలో కూర్చోలేకపోయారు. విశ్వవిద్యాలయం ప్రభుత్వ శాఖ కాదని ఆయన ఆచరణలో చూపించారు.

అటు నిజాం రాజ్యంలో 1918లో మొదలైన ఉస్మానియా, భారతీయ భాషలో పైచదువు చెప్పి ఎంతో పెద్ద పని చేసింది. అయితే ఆ భాష ఉర్దూ. రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష అది కాదు. అక్కడ ప్రశ్నకు ఉన్న చోటు కూడా తక్కువే. 1938లో హాస్టల్ విద్యార్థులు వందేమాతరం పాడితే నిషేధించారు. వినని వందలాది మందిని బయటికి పంపారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లకు చోటిచ్చింది. అలా వెళ్లినవారిలో పీవీ నరసింహారావు ఒకరు. 1986 జాతీయ విద్యా విధానం వచ్చినప్పుడు కేంద్రంలో ఆ శాఖ మంత్రి ఆయనే.

స్వతంత్రం వచ్చాక మొదటి విద్యా కమిషన్ 1948లో ఏర్పడింది. విశ్వవిద్యాలయాల కోసం వేసిన ఆ కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి. 1949 నివేదికలో చదువు లక్ష్యాల అధ్యాయాన్ని ప్రజాస్వామ్యం, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే వరుసలో రాశారు. రాజ్యాంగ పీఠిక మాటలే అవి. సైన్సు చదివేవాడికి సాహిత్యం, సమాజం తెలియాలి, సాహిత్యం చదివేవాడికి సైన్సు తెలియాలి అన్నారు. చదువు మొత్తం ప్రభుత్వం గుప్పిట్లోకి పోతే నియంతలకు దారి సులువవుతుందని హెచ్చరించారు. ఒకే ఒక్క సంస్కరణ అడగమంటే పరీక్షల విధానాన్నే మార్చమంటామన్నారు. ఆ మాట ఇవాళ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

1952లో వచ్చిన మొదలియార్ కమిషన్, హైస్కూలు పిల్లవాడు నిజాన్నీ ప్రచారాన్నీ విడదీసి చూడగలగాలంది. 1966లో కొఠారి కమిషన్ కలిగినవాడి బిడ్డా, లేనివాడి బిడ్డా చదివే ఉమ్మడి బడి కావాలంది. 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పౌరుడి విధిగా చేర్చింది. కాగితం మీద లోటు లేదు. కానీ 1951లో దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత విద్య అన్న 45వ అధికరణం గడువు దాటిపోయింది.

ఆ ఖాళీలోకి డబ్బు వచ్చింది. ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లకు గిరాకీ పెరిగింది. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం గుంజే డొనేషన్‌ను, నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ప్రైవేటు వృత్తి కాలేజీల ఫీజుల గొడవే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1993 తీర్పులో కోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే అని చెప్పింది. 2002లో ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చిన 86వ సవరణ, 2010లో అమలైన విద్యా హక్కు చట్టం ఈ దారిలో వచ్చినవే. ప్రొఫెషనల్ సీట్ల కేసు నుంచి పేద పిల్లవాడికి హక్కు దక్కింది. 2002లోనే టీఎంఏ పాయ్ తీర్పులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ నడపడం కూడా ఒక వృత్తేనని, పౌరులకు ఆ హక్కు ఉందని అంది. లాభార్జన కూడదని చెప్పినా, ఉన్నికృష్ణన్ తీర్పు పెట్టిన ఉచిత సీట్లు, ఫీజు సీట్లు అన్న ఏర్పాటును కొట్టేసింది.

ఈలోగా ఎంసెట్ ర్యాంకే చదువు లక్ష్యమైపోయింది. పొద్దున చీకటితో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ కాలేజీ, వారాంతపు టెస్టు, గోడ మీద మార్కుల జాబితా. ఫలితాలు వచ్చిన వారంలో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు దాదాపు ఏటా చదువుతున్నాం. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. భూమి లేని ఇంటికి ఒక్క ఉద్యోగం దారి చూపిస్తుందంటే ఎవరైనా అదే ఎంచుకుంటారు. తప్పు, ఉద్యోగమూ పౌరసత్వమూ రెండూ ఒకే చదువులో దొరకవని తేల్చేసిన ఏర్పాటుది. రాధాకృష్ణన్ కమిషన్ రెండింటినీ కలిపే అడిగింది.

2020 జాతీయ విద్యా విధానం ఆర్ట్స్, సైన్స్ మధ్య గోడలు తీసేస్తామని, ఉదార విద్య కావాలని రాసింది. 2022లో పాఠాల భారం తగ్గించే పేరుతో, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పౌరశాస్త్రం నుంచి ప్రజాస్వామ్యమూ వైవిధ్యమూ, ప్రజా ఉద్యమాలు, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్లు అనే మూడు పాఠాలను పూర్తిగా తొలగించింది.