మెడిసిన్‌కి వెళ్తే రిజాల్ పాఠమెందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నాలుగేళ్ల కిందట మా మేనల్లుడు ఫిలిప్పీన్స్‌లోని దావావో నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. వాడి టైంటేబుల్ అది. కెమిస్ట్రీ, బయాలజీల మధ్య ఒక గడి చుట్టూ ఎర్రగా గీత గీసి, "మామయ్యా, డాక్టర్ అవుదామని వస్తే వీళ్ల జాతీయ వీరుడి జీవితచరిత్ర చదవమంటున్నారేంటి?" అన్నాడు. హిస్టరీ లెక్చరర్‌ని కదా, వాడికి చెప్పడం కోసం నేనూ చదవడం మొదలుపెట్టాను. తర్వాత వాడి రూమ్మేట్లు వచ్చారు, వాళ్ల జూనియర్లు వచ్చారు. ఇప్పుడు ఆదివారాలు కొంతమంది తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో ఆ వీరుడి, అంటే హోసే రిజాల్ పాఠం చెబుతున్నాను. ఫీజు లేదు. పరీక్ష ముందురోజు రాత్రి ఫోన్ చేయకూడదన్నదొక్కటే షరతు. దాన్ని ఇంతవరకు ఎవరూ పాటించలేదు.

బ్యాచ్‌లు మారినా అపోహలు మాత్రం మారవు.

అపోహ: ఇది కాలేజీవాళ్లు క్రెడిట్లు నింపుకోవడానికి పెట్టిన సబ్జెక్టు.

కాదు, చట్టం. 1956 జూన్ 12న వచ్చిన రిపబ్లిక్ యాక్ట్ 1425. రిజాల్ జీవితం, రచనలు, ముఖ్యంగా ఆయన రెండు నవలలు ప్రతి విద్యాసంస్థలోనూ చెప్పాలన్నది దాని సారాంశం. అంత తేలిగ్గా ఏమీ రాలేదది. ఆ నవలల్లో, అప్పట్లో దేశాన్ని ఏలిన స్పెయిన్ వాళ్ల ఫ్రయర్లను, అంటే కేథలిక్ సన్యాసులను, రిజాల్ చీల్చి చెండాడాడు కాబట్టి కేథలిక్ చర్చి గట్టిగా అడ్డుపడింది. బిల్లు రాసిన సెనేటర్ క్లారో రెక్టో, దాన్ని సభలో మోసిన హోసే లారెల్ చివరికి కొంత తగ్గారు. మతపరమైన అభ్యంతరం ఉన్న విద్యార్థికి నవలల పూర్తి పాఠం చదవడం నుంచి మినహాయింపు దొరికింది, కోర్సు నుంచి కాదు. ఒక నవలను క్లాసులోకి తేవడానికి సెనేట్‌లో అంత కొట్లాట జరిగిందంటే, ఆ నవలలో ఏముందో చూడాలనిపించదూ?

అపోహ: మెడిసిన్‌కీ ఆయనకీ సంబంధం లేదు.

ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆయన కంటి డాక్టరు. తల్లి తియొదోరా చూపు మందగిస్తోందని ఆ దారి పట్టాడు. 1884లో మాడ్రిడ్‌లో వైద్యం చేసే లైసెన్సు తెచ్చుకుని, పారిస్‌లో లూయీ ద వెకర్ దగ్గర, హైడెల్‌బర్గ్‌లో ఒటో బెకర్ దగ్గర పని నేర్చుకున్నాడు. హాంకాంగ్‌లో క్లినిక్ పెట్టి తల్లి శుక్లం తీశాడు. (డాక్టరేట్ మాత్రం పూర్తి చేయలేదు. థీసిస్ ఇవ్వలేదు, ఫీజూ కట్టలేదు. ఫీజుల సంగతి వినగానే మన పిల్లలకు ఆయన మీద ఒక్కసారిగా ఆత్మీయత పుట్టుకొస్తుంది.)

నేను మొదటి క్లాసులో చెప్పేది దపితాన్ ముచ్చట. 1892లో స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ను మిండనావో దీవిలోని ఆ మారుమూల ఊరికి ప్రవాసం పంపింది. నాలుగేళ్లున్నాడు. బడి పెట్టాడు, ఊరికి మంచినీళ్లు తెచ్చాడు, తల్లి కంటికి మళ్లీ ఆపరేషన్ చేశాడు. ఆవిడ కొడుకు మాట వినకుండా కట్టు విప్పేసింది. కన్ను వాచింది. సొంత ఇంటివాళ్లకు డాక్టరు వైద్యం చేయకూడదని ఎందుకంటారో ఇప్పుడు అర్థమైందని రిజాల్ తన ఆస్ట్రియా మిత్రుడు బ్లూమెన్‌ట్రిట్‌కు ఉత్తరం రాశాడు. నూట ముప్పై ఏళ్ల నాటి ఉత్తరం అది. అమ్మకు బీపీ మాత్ర వేయించలేక తల పట్టుకునే ఏ డాక్టరైనా రాసుకోగలిగిన మాట.

1887లో బెర్లిన్‌లో అచ్చయిన మొదటి నవల 'నోలీ మీ తాంగెరె' అంకితం కూడా చూడండి. తన దేశానికి ఒక క్యాన్సర్ పట్టిందనీ, కాస్త తాకితే చాలు రేగిపోయే రకమనీ రాశాడు. పూర్వం రోగుల్ని గుడి మెట్ల మీద పడుకోబెట్టి వచ్చేపోయేవాళ్లను మందు అడిగేవారట. తానూ తన దేశాన్ని అలాగే నలుగురి ముందు పెడుతున్నానన్నాడు. జబ్బు దాచకుండా చూపించడమే ఆ నవల పని.

అపోహ: ఆయన్ను జాతీయ వీరుడిగా చట్టం ప్రకటించింది.

అలాంటి చట్టం లేదు. 1995లో ఒక కమిటీ ఆయనతో కలిపి తొమ్మిది మంది పేర్లు సిఫారసు చేసింది. అది అక్కడే ఆగిపోయింది.

అపోహ: అమెరికన్లు తయారుచేసిన వీరుడు.

ఇందులో సగం నిజం. కత్తి పట్టిన విప్లవ నాయకుడు బొనిఫాసియో కంటే కలం పట్టిన రిజాల్, స్పెయిన్ తర్వాత వచ్చిన అమెరికా పాలకులకు అనువుగా కనిపించాడు. ఆయన పేరు మీద 1901లో ఒక ప్రావిన్సే ఏర్పడింది. కానీ అంతకు ముందే, 1898 డిసెంబర్‌లో, ఆగినాల్డో నడిపిన విప్లవ ప్రభుత్వం రిజాల్ చనిపోయిన డిసెంబర్ 30ని సంతాపదినంగా పాటించమంది. విప్లవ సంఘం కటిపునాన్‌లో ఒక స్థాయి సభ్యుల సంకేతపదమే 'రిజాల్'. వాళ్ల గుండెల్లో ముందే ఉన్నవాణ్ని అమెరికన్లు పెద్ద చేశారంతే.

అపోహ: ఎనిమిదేళ్లకే మాతృభాష మీద గొప్ప పద్యం రాశాడు.

నాకు బాగా ఇష్టమైన పాఠం ఇదే. మాతృభాషను ప్రేమించనివాడు జంతువుకన్నా, నీచు కంపు కొట్టే చేపకన్నా హీనం అంటుంది ఆ పద్యం, రిజాల్ మాతృభాష టగలాగ్‌లో. అక్కడి పిల్లలకు నోటికి వచ్చు. మన బడుల్లో గోడల మీద సూక్తులు రాసినట్టు అక్కడా రాస్తారు.

అందులో 'కలయాన్' అనే మాట ఉంది. స్వేచ్ఛ అని అర్థం. 1886లో రిజాల్ షిల్లర్ నాటకం 'విల్హెల్మ్ టెల్'ను జర్మన్ నుంచి టగలాగ్‌లోకి తెస్తూ అన్న పసియానోకు ఉత్తరం రాశాడు. జర్మన్‌లో స్వేచ్ఛకు ఉన్న మాటకు టగలాగ్‌లో సరిపోయేది తోచలేదనీ, తన వ్యాసానికి రచయిత మార్సెలో డెల్ పిలార్ చేసిన అనువాదంలో ఆ మాట కనిపించిందనీ దాని సారం. ఆ అనువాదం వచ్చింది 1882లో. ఇరవై ఏళ్లు దాటాక గానీ ఎదురుపడని మాటను ఎనిమిదేళ్లప్పుడు పద్యంలో ఎలా వాడాడు? పైగా ఆయన చేతిరాత ప్రతి లేదు. పద్యం అచ్చులో కనిపించింది 1906లో, ఆయన పోయిన పదేళ్లకు.

ఇది చెప్పగానే పిల్లలు కాసేపు నీరుగారిపోతారు. తర్వాత ఎవరో ఒకరు, "అయితే సార్, మన దగ్గర ఫలానావారు అన్నారని వాట్సాప్‌లో తిరిగేవి కూడా..." అని మొదలుపెడతారు. నాకు కావలసింది అదే.

అపోహ: హిట్లర్ ఆయన కొడుకే.

ఫిలిప్పీన్స్‌లో ఇది పాత జోకు. మనవాళ్లలో ఒకడు అసైన్‌మెంట్‌లో సీరియస్‌గా రాసేశాడు. హిట్లర్ పుట్టింది 1889 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఏడాది మే నుంచి రిజాల్ లండన్‌లో ఉన్నాడు. లెక్క మీరే వేసుకోండి.

అపోహ: విప్లవాన్ని వ్యతిరేకించాడు కాబట్టి పిరికివాడు.

1896లో స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలయ్యాక ఆయన్నూ జైల్లో పెట్టారు. డిసెంబర్ 15న అక్కణ్నుంచి ఒక ప్రకటన రాశాడు. తిరుగుబాటు తప్పన్నాడు, తన పేరు వాడుకోవద్దన్నాడు. ఇది దాచి పాఠం చెప్పేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆ ప్రకటన చదివిన స్పానిష్ సైనిక న్యాయాధికారి దాన్ని బయటకు రానివ్వవద్దన్నాడు. సమయం కాదంటున్నాడే తప్ప స్వేచ్ఛ వద్దనడం లేదని ఆయన అభ్యంతరం. పదిహేను రోజుల తర్వాత, డిసెంబర్ 30 ఉదయం, బగుంబయాన్ మైదానంలో వెనకనుంచి కాల్చి చంపారు. ముప్పై అయిదేళ్లు.

అంతకు ముందు జూన్‌లో కటిపునాన్ తరఫున పియో వాలెన్జువేలా అనే డాక్టరు ఒక అంధుణ్ని వెంటబెట్టుకుని, కంటి వైద్యం పేరుతో దపితాన్ వెళ్లి తిరుగుబాటు మీద రిజాల్ సలహా అడిగాడు. రిజాల్ ససేమిరా అన్నాడని, తాను అరెస్టయినప్పుడు వాలెన్జువేలా స్పానిష్ అధికారులకు చెప్పాడు. ఏళ్లు గడిచాక, సిద్ధం కాకుండా దిగవద్దని మాత్రమే అన్నాడని చెప్పాడు. సాక్షి ఒక్కడే, సాక్ష్యాలు రెండు. ఏది నమ్మాలి? జైల్లో భయపడి చెప్పినదా, స్వతంత్రంగా ఉండి గుర్తుతెచ్చుకున్నదా? ఈ ప్రశ్న మీద మా క్లాసు ఒకసారి గంటన్నర నడిచింది.

చివరి అపోహ నేను తీర్చలేనిది. చనిపోయే ముందురోజు చర్చికి లొంగిపోతూ సంతకం పెట్టాడని ఒక వర్గం, అది దొంగ పత్రమని ఒక వర్గం. అసలు పత్రం దొరికిందన్నది 1935లో. అంతకు ముందు పత్రికల్లో వచ్చిన పాఠాలకూ దీనికీ మాటల్లో తేడాలున్నాయి. పోయిన సెమిస్టర్‌లో ఒక అమ్మాయి, పరీక్ష ముందురోజు రాత్రి పదకొండింటికే లెండి, ఫోన్ చేసి, "సార్, పెట్టాడా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది" అంది. రెండు వైపులా రాసి, నీకు ఏది నమ్మబుద్ధేసిందో, ఎందుకో రాయమన్నాను. "అలా రాస్తే మార్కులు వేస్తారా సార్?" అంది.

అది మాత్రం మీ మేడంనే అడగాలమ్మా అన్నాను.