కూరగాయల ఆటో మా వాడలో ఆగుతుందా? పల్లె తిండిపై అపోహలు – వాస్తవాలు

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఊళ్లలో మహిళా సంఘాలతో కలిసి తిండి గురించి పనిచేయడం నా ఉద్యోగం. పెరటితోటలు, అంగన్‌వాడీ భోజనాలు, బాలింతల పథ్యాలు... రోజూ ఇవే గొడవలు. అపోహలు అనగానే అందరూ ఊరి ఆడవాళ్లవైపే చూస్తారు. నేను చూసినంతలో సగం అపోహలు మా జీపుల్లోనే ఊరికి వస్తాయి. ముందు వాటి సంగతే చెప్తాను.

అపోహ: పల్లెటూరు కదా, కూరలకూ పాలకూ ఏం కొదవ?

హైదరాబాద్‌లో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు అనే మాట ఇది. ఊరి చుట్టూ ఉన్నది పత్తి, చెరకు, సోయా. పత్తి వండుకోలేం కదా. పాలు తెల్లారకముందే పాలకేంద్రానికి పోతాయి, ఇంట్లో మిగిలేది చాయ్‌కి సరిపడా. టమాటా కూడా పట్నం మార్కెట్ చూసొచ్చాకే ఊళ్లోకి వస్తుంది. అంగడి వారానికి ఒక్కరోజు. ఆ రోజూ మర్నాడూ కూర ఉంటుంది. మూడో రోజుకి ఆకుకూర వాడిపోతుంది. ఇక మళ్లీ అంగడి దాకా పచ్చిపులుసు, కారం మెతుకులు, ఉంటే పప్పు. కూలి డబ్బు ఏ రోజు చేతికొస్తుందన్నది ఇంకో లెక్క. అంగడి రోజున చేతిలో డబ్బు లేకపోతే ఆ వారమంతా అంతే.

ఇదివరకు ఈ లోటును చేను పూడ్చేది. జొన్న, కంది, పెసర కలిపి వేసిన చేలో కలుపు తీయడానికి పోయిన మనిషి సాయంత్రం ఒడినిండా దొగ్గలికూర, తుమ్మికూర, జొన్నచెంచలి, గంగవాయిలి లాంటి, చేలో వాటంతటవే మొలిచే ఆకుకూరలు తెచ్చుకునేది. ఎవరూ విత్తనం వేయలేదు, ఎవరూ ధర కట్టలేదు. అందుకే అవి పోయినప్పుడు ఏ రికార్డులోనూ నష్టంగా ఎక్కలేదు. కలుపుమందు కొట్టిన చేలో ఆ కూర మొలవదు, మొలిచినా తినకూడదు. ఇప్పుడు అదే మనిషి పాలకూర కట్ట కొనుక్కోవాలి.

అపోహ: అసలు సమస్య అవగాహన లేకపోవడం.

నేనూ కొన్నేళ్లు ఇదే నమ్మాను. ఆపిల్, బత్తాయి, చేపలు, పాలగ్లాసు ఉన్న రంగురంగుల పటం గోడకు తగిలించి గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఒకరోజు వెనక కూర్చున్న ఒక పెద్దావిడ అడిగింది: "సారూ, ఇవన్నీ మంచియే. మా ఊరికి కూరగాయల ఆటో ఏ రోజు వస్తదో మీకు ఎరుకనా?" నాకు తెలియదు. "వస్తదిగనీ మా వాడకట్టులకు రాదు, గుడికాడికెల్లే మళ్లుతది" అని తనే చెప్పింది. ఆ పటం మళ్లీ జీపు దిగలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఒక్కసారే తెలివి తక్కువైందంటే నేను నమ్మను. ఆ పటంలో తప్పూ ఉంది. విటమిన్ సి కోసం ఆపిల్ చూపించడం దండగ. వంద గ్రాముల జామకాయలో అది రెండు వందల మిల్లీగ్రాములకు అటూఇటుగా ఉంటుంది, ఆపిల్‌లో అయిదు కూడా ఉండదు. జామచెట్టు ఊళ్లోనే ఉంది.

అపోహ: విత్తన ప్యాకెట్లు పంచితే పెరటితోటలు లేస్తాయి.

మా మొదటి ఏడాది ఘనకార్యం ఇది. జూన్‌లో కిట్లు పంచి ఫొటోలు దిగాం. అందులో క్యాబేజీ, క్యారెట్ కూడా ఉన్నాయి. ఆగస్టుకి సగం మేకల పాలయ్యాయి, పావు కోళ్ల పాలయ్యాయి. మిగిలిన పావు ఎండాకాలంలో నీళ్లు లేక పోయింది. తాగే నీళ్లకే బిందెలు వరసలో పెట్టే చోట వంగమొక్కకు నీళ్లెవరు పోస్తారు?

తర్వాత నెమ్మదిగా నేర్చుకున్నవి: ముందు ముళ్లకంప, తర్వాతే విత్తనం. జాలారి (స్నానాలు చేసే, గిన్నెలు కడిగే చోటు) నీళ్లు పోయే దారిలోనే మడి. ఏడాదికోసారి వేసే మొక్కలకన్నా ఒకసారి వేస్తే వదలని వాటికి మొదటి చోటు: మునగ, కరివేపాకు, బొప్పాయి, తీగ బచ్చలి. కంచె మీదికి చిక్కుడు, కప్పు మీదికి సొర, బీర. విత్తనం ప్యాకెట్‌లో కాకుండా పక్కింటావిడ కొంగుముడిలోంచి వస్తే మరీ మంచిది. మళ్లీ ఏడాది విత్తనానికి నా మీద ఆధారపడరు.

ఇంత చేసినా మిగిలిపోయే ఇళ్లున్నాయి. ఏ ఇంటికి పోషణ ఎక్కువ అవసరమో ఆ ఇంటికే పెరడు ఉండదు. కాలనీలో గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లకు "పెరటితోట పెంచుకోండి" అని చెప్పడం ఎగతాళి చేయడమే. అక్కడ సంఘం పేరుమీద బావి దగ్గర కొద్దిపాటి భూమి కౌలుకు తీసుకుని ఆకుకూరలు వేయడమే మాకు తోచిన దారి. కౌలు కుదరడం కన్నా ఎవరు ఏ రోజు నీళ్లు కట్టాలన్నది తేల్చడమే కష్టమైంది, అదింకా పూర్తిగా తేలలేదు.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారు.

వాట్సాప్ పుణ్యం. నీళ్లలో తేలే గింజల్ని ఏరి పారేసిన ఇళ్లు ఎన్నో చూశాను. అవి పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, మిషన్లో మళ్లీ బియ్యం ఆకారంలో ఒత్తుతారు. మామూలు బియ్యం వందకు ఈ గింజలు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. 2024 మార్చి నాటికి దేశమంతటా రేషన్ బియ్యంలో ఇలా కలపడం పూర్తయింది. రంగు, బరువు కాస్త తేడాగా ఉండటం వల్లే అనుమానం. చెప్పేకన్నా చేసి చూపడం మేలు. నేను ఆ గింజలు పిడికెడు ఏరి విడిగా ఉడికించి, అందరి ముందూ మెత్తగా నలిపి తింటాను. ప్లాస్టిక్ అయితే మెతుకు కాదు కదా. తలసీమియా, సికిల్‌సెల్ లాంటి రక్తజబ్బులు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినడం మేలు.

అయితే నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఈ గింజ పప్పుకూ గుడ్డుకూ బదులు కాదు. బియ్యం దుకాణం దాకా నెలనెలా వస్తుంది, కందిపప్పు రాదు. పెద్ద వెలితి అక్కడుంది.

అపోహ: చిరుధాన్యాలు పేదల తిండే, మళ్లీ తినమంటే సరి.

నగరంలో కొర్రల ధర చూశారా? పండించిన మనిషే అమ్ముకుని బియ్యం తింటోంది. రాగుల్లో, మా దిక్కు తైదలంటాం, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలకన్నా రెండింతలు దాటింది. నిజమే. కానీ జొన్న, సజ్జ, రాగి నూర్పిడితోనే తినే గింజ అవుతాయి. కొర్ర, సామ, వరిగలకు పొట్టు తీయాలి, దంచేది ఆడవాళ్లే. దగ్గర్లో పొట్టుతీసే మిషన్ లేకుండా "కొర్రలు తినండి" అనేవాళ్లు ఒక పూట రోలు ముందు కూర్చుని చూడాలి.

దారి లేదని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే పడావు (బీడు) భూముల్ని సాగులోకి తెచ్చి, తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో పేదిళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. పండటం, దాచడం, అందడం మూడూ ఊరి చేతిలోనే. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక ఊరి అపోహలు

ఇవి త్వరగా తేలతాయి. నాటుగుడ్డుకూ ఫారం గుడ్డుకూ పోషకాల్లో పెద్ద తేడా లేదు. ఉన్న తేడా ధరలోనే. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది అబద్ధం. నల్లబడేది తల్లి మలం మాత్రమే, దానికి భయం అక్కర్లేదు. మాత్రను చాయ్‌తో వేసుకుంటే మాత్రం ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. పప్పు తింటే బాలింతకు కుట్లు చీము పడతాయన్నదీ అబద్ధమే, పుండు మానడానికే మాంసకృత్తులు కావాలి. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందన్న నమ్మకం వీటన్నింటిలో ప్రమాదకరం, తక్కువ బరువు బిడ్డ కష్టాలు కాన్పు తర్వాతే మొదలవుతాయి. ఈ సంగతులు కోడలికి చెప్పి లాభం లేదు. వంటింటి తాళం అత్తమ్మ దగ్గర ఉంటుంది, నేను ఆమె దగ్గరే కూర్చుంటాను.

అపోహ: అంగన్‌వాడీలో భోజనం పెడుతున్నా రావడం లేదంటే బద్ధకమే.

రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికీ బాలింతకూ కేంద్రంలోనే పూర్తి భోజనం, గుడ్డు, పాలు పెడతారు. ఇంటికిస్తే ఆ ఒక్క గుడ్డు నలుగురికి నాలుగు ముక్కలవుతుంది కాబట్టి అక్కడే తినాలన్న నియమం సబబే. కానీ పత్తి ఏరే రోజుల్లో కూలి ఆటో పొద్దున్నే కదులుతుంది, భోజనం మధ్యాహ్నం. నాలుగో నెల గర్భిణి కూలి వదులుకుని గుడ్డు కోసం ఆగుతుందా? ఒక ఊళ్లో టీచరమ్మ తన పూచీ మీద ఆ నెలల్లో పొద్దున్నే గుడ్డు ఉడికించి, ఆటో దగ్గరే, కళ్లముందే తినిపించేది. రిజిస్టర్‌లో ఏం రాసుకుందో నేనడగలేదు.

ఆ పెద్దావిడ అడిగిన ఆటో సంగతి చెప్పలేదు. సంఘంవాళ్లు ఆటో అతనితో మాట్లాడి, కనీసం ఇరవై ఇళ్లవాళ్లు కొంటామని ఒప్పుకున్నారు. ఇప్పుడు గురువారం సాయంత్రం, కూలి నుంచి తిరిగొచ్చే వేళకి, ఆటో వాడకట్టులోకి వస్తోంది. కూరగాయలతోపాటు రెండు ట్రేల గుడ్లు కూడా పెడుతున్నాడు. శ్రావణంలో గుడ్లు మిగిలిపోతున్నాయని మాత్రం నా మీద కోపం.