కారు లేకుండా చెన్నై చూడలేమా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో చెన్నై వెళ్లని ఇల్లు ఉండదు. ఆపరేషన్ అంటే చెన్నై, పెళ్లి చీరలంటే చెన్నై. అయినా అక్కడ ఏం చూశారంటే ఆసుపత్రి వరండా, టీ నగర్ కొట్లు తప్ప ఇంకేం చెప్పలేరు. నేను కొన్నేళ్లుగా పదిమందికి మించకుండా మనవాళ్లను వెంటబెట్టుకుని ఆ ఊళ్లో రైలు, బస్సు, నడకతోనే తిప్పుతున్నాను. బయల్దేరే ముందు ప్రతిసారీ వినే మాటలివి.

అపోహ: కారో, ఆటోనో లేకపోతే చెన్నైలో కదల్లేం.

వాస్తవం: సెంట్రల్‌లో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు, అందుకే ఈ భయం. కాస్త ఆగి చుట్టూ చూడండి. పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి గుమ్మిడిపూండి, తిరువళ్లూరు వైపు లోకల్ రైళ్లున్నాయి. మెట్రో బ్లూ, గ్రీన్ లైన్లు అక్కడే నేల కింద కలుస్తాయి. సబ్‌వేలో రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కడ బీచ్ నుంచి తాంబరం వెళ్లే రైళ్లు ఆగుతాయి. దానికి దగ్గర్లోనే పార్క్ టౌన్ స్టేషన్. మైలాపూర్ మీదుగా వేళచ్చేరి పోయే రైలు అక్కడ దొరుకుతుంది. లోకల్ రైల్లో కనీస టికెట్ 5 రూపాయలే. సిటీ ఆర్డినరీ బస్సుల్లో 2021 మే నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. డీలక్స్, ఏసీ బస్సులకు అది వర్తించదు.

నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఒక మాట. 2018లో ఆంధ్ర బస్సుల కోసం మాధవరంలో కొత్త బస్టాండు కట్టారు. కోయంబేడు బస్టాండు దాకా వెళ్తుందా, మాధవరంలోనే దించేస్తుందా అని ఎక్కేముందే కనుక్కోండి.

వేళచ్చేరి రైల్లో నేను అందరినీ కిటికీ పక్కన కూర్చోమంటాను. కింద నల్లగా కనిపించేది బకింగ్‌హామ్ కాలువ. మన జిల్లా తీరం వెంబడి వచ్చే కాలువే అది. ఒకప్పుడు మన సరుకు దాని మీద పడవల్లో మద్రాసుకు పోయేది. ఇప్పుడు మురుగు నిండిన ఆ నీళ్లను చూసిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: తమిళం రాకపోతే కష్టం.

వాస్తవం: బస్సు నంబర్లు అంకెల్లోనే ఉంటాయి, స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు ఉంటుంది. "అన్నా" అని పిలిచి, ఎక్కడికెళ్లాలో ఆ పేరు చెప్తే చాలు. టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: ఆ ఎండలో ఎవరు నడుస్తారు?

వాస్తవం: ఎండ మాట నిజమే. మే నెలలో ఒకసారి మధ్యాహ్నం మైలాపూర్ తీసుకెళ్లి నేను తప్పు చేశాను. కపాలీశ్వరుడి గుడి మూసేశారు, మాలో ఒక పెద్దామెకు కళ్లు తిరిగాయి. అప్పట్నుంచి ఆరింటికల్లా నడక మొదలుపెడతాం. పదింటికి ఆపేసి, మళ్లీ నాలుగు తర్వాతే. మధ్యలో ఎగ్మూర్ మ్యూజియం. మన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి. శుక్రవారం మాత్రం సెలవు. జనవరి, ఫిబ్రవరి నెలలైతే నడకకు మంచిది. ఫుట్‌పాత్ విషయానికొస్తే పాండీ బజార్‌లో విశాలంగా ఉంటుంది. మింట్ స్ట్రీట్‌లో జనం, బళ్ల మధ్యే నడవాలి, చిన్నపిల్లలతో వద్దు. మైలాపూర్‌లోని లజ్ దగ్గర మెట్రో తవ్వకాలున్నంత కాలం బస్సులు దారి మారుతుంటాయి, అక్కడికి రైలే మేలు.

అపోహ: ఒక్కరోజులో ఊరంతా చుట్టేయొచ్చు.

వాస్తవం: కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. ఒక రోజుకు ఒక పేట చాలు.

అపోహ: నడిచి చూడ్డానికి మనవాళ్లకు అక్కడేముంది?

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. హైకోర్టు దగ్గరున్న ప్యారీస్ కార్నర్ అంటే బస్సు కోసం నిలబడే చోటు మాత్రమే కాదు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మన టంగుటూరి ప్రకాశం తుపాకులకు ఎదురు నిలిచింది ఆ ప్రాంతంలోనే. ఇక వేళచ్చేరి రైల్లో మైలాపూర్‌లోని తిరుమయిలై స్టేషన్‌లో దిగి, లజ్ కార్నర్ నుంచి రాయపేట హైరోడ్డు పట్టుకుని నడిస్తే 126వ నంబరు ఇల్లు వస్తుంది. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది అక్కడే. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో నెల్లూరులో దీక్ష పట్టిందీ ఆయనే.

పోయినసారి మాతో మూలాపేట నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆ ఇంటి ముందు చెప్పులు విప్పి చాలాసేపు నిలబడిపోయారు. "మా ఆవిడ ఆపరేషన్‌కి ఈ రోడ్డు మీదే నాలుగుసార్లు ఆటోలో తిరిగాను నాయనా, తెలియనేలేదు" అన్నారు.