హోమ్ థియేటర్ గదిలో సౌండ్: అపోహలు - వాస్తవాలు

రాత్రి తొమ్మిదిన్నరకి సినిమా పెడతారు. హీరో వాళ్ళ నాన్నతో నెమ్మదిగా ఏదో అంటాడు, ఒక్క ముక్క అర్థం కాదు. వాల్యూమ్ పెంచుతారు. రెండు నిమిషాల్లో ఫైట్ మొదలై ఇల్లు అదిరిపోతుంది, సోఫాలో రిమోట్ కోసం తడుముకుంటారు. పక్క గదిలో పడుకున్న పిల్లాడు లేచి ఏడుపు. హోమ్ థియేటర్ పని మీద నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది చెప్పే మొదటి మాట ఇదే. రెండో మాట, "అన్నా, సెంటర్ స్పీకర్ (తెర దగ్గర మధ్యలో ఉండి మాటలు పలికేది) మార్చేయమంటారా?"

ముందు ఏదీ మార్చకండి. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఆ శబ్దం టప్పున ఆగకుండా "ట్ర్‌ర్‌ర్" మంటూ సాగిందంటే, ఎదురెదురు గోడల మధ్య బంతిలా కొట్టుకుంటోందని అర్థం. నటుడి మాటలోని క, త, ప లాంటి అక్షరాలు ఆ సాగుడులో కలిసిపోతాయి. ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా అది పోదు, ఎందుకంటే అది గది వల్ల వస్తున్నది.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. ఇంటర్నెట్‌లో చూసే వీడియోల్లో చాలావరకు అమెరికా ఇళ్ళవి. అక్కడ చెక్క ఫ్రేముకి జిప్సమ్ బోర్డు కొట్టిన గోడలు ఎక్కువ. బాస్, అంటే గుమ్మనే లోతైన శబ్దం, తగిలితే ఆ గోడ కొద్దిగా కంపించి కొంత శక్తిని తినేస్తుంది. మనది ఇటుక గోడ, దాని మీద సిమెంటు ప్లాస్టరింగు, పుట్టీ, కింద టైల్స్, పైన శ్లాబు. ఏదీ కదలదు. వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. న్యూజెర్సీలో తమ్ముడి ఇంట్లో చక్కగా పలికిన సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకర్, ముద్దుగా సబ్) ఇక్కడికి తెచ్చాక గుమ్మని మోగుతోందంటే కారణం ఇదే.

అపోహ: గుడ్ల అట్టలో, నల్ల ఫోమో గోడ నిండా అంటిస్తే సౌండ్ సెట్ అయిపోతుంది

గుడ్ల అట్టల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. స్టూడియో ఫోమ్‌కి ఉన్నట్టే వాటికీ ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి పనిచేస్తాయనే నమ్మకం పుట్టింది. కానీ అది పలచటి కాగితపు గుజ్జు. సన్నటి, తీక్షణమైన శబ్దాలని కొంచెం తగ్గిస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. అంటుకుంటే మాత్రం క్షణాల్లో మండిపోతుంది.

ఫోమ్ సంగతి వేరు. అది పనిచేస్తుంది, కానీ మీరు అనుకున్న చోట కాదు. కొంపల్లి వైపు ఒక డ్యూప్లెక్స్ ఇంట్లో 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గది చూశాను. ఆ ఇంటాయన ఆదివారాలన్నీ కూర్చుని, అంగుళం మందం ఫోమ్ ముక్కలు నాలుగు గోడలకూ స్వయంగా అంటించుకున్నారు. అంచులు కూడా తేడా లేకుండా కలిశాయి, అంత శ్రద్ధగా చేశారు. లోపలికెళ్ళి మాట్లాడితే నా గొంతే నాకు దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టు ఉంది. సినిమా పెడితే బాస్ మాత్రం మునుపటిలాగే గుమ్మని మోగుతోంది. ఆయనకి ఆ మాట చెప్పడానికి నాకు బాధేసింది.

ఎందుకలా అవుతుందంటే, ఒక తాడు కొసని గుంజకి కట్టి ఊపి చూడండి. గుంజ దగ్గర తాడు కదలదు, కాస్త దూరంలో బాగా ఎగురుతుంది. గోడ దగ్గర గాలి కూడా అంతే, ముందుకీ వెనక్కీ ఆడదు. శబ్దపు అల పొడవులో నాలుగో వంతు దూరంలో బాగా ఆడుతుంది. ఫోమ్, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుల దూది) లాంటివి శబ్దాన్ని పీల్చేది ఆడే గాలిని తమ పోగుల్లో రాపిడికి గురిచేసి. గోడకి అంగుళం మందాన అతుక్కున్న ఫోమ్‌కి సన్నటి, తీక్షణమైన శబ్దాలే దొరుకుతాయి. 40 హెర్ట్జ్, అంటే సెకనుకి 40 సార్లు కంపించే బాస్ తీసుకుంటే, శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు పోతుంది కాబట్టి దాని అల పొడవు 28 అడుగులు, అందులో నాలుగో వంతు 7 అడుగులు. అంగుళం ఫోమ్‌కి అది అందేది కాదు. ఇలా ఫోమ్ నిండా అంటించిన గదిలో మెరుపు పోయి, రొద మిగులుతుంది.

నేను వాడేది 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పలక (దాన్నే స్లాబు అంటారు), ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రతది. నాలుగంగుళాల లోతు చెక్క ఫ్రేములో పెట్టి, వెనక రెండంగుళాలు గాలి వదులుతాను. ఆ ఖాళీ వల్ల పైసా ఖర్చు లేకుండా అదే స్లాబు ఇంకాస్త కింది శబ్దాలని కూడా అందుకుంటుంది. గది మూలల్లో మాత్రం ఆరంగుళాల మందానికి తగ్గకుండా, నేల నుంచి శ్లాబు దాకా నిలబెడతాను. బాస్ ఒత్తిడి పోగుపడేది మూలల్లోనే. పైన కప్పే బట్ట గాలి ఆడేది కావాలి. బట్టని పెదాలకి ఆనించి ఊదితే ఊపిరి అవతలికి పోవాలి. మంచి రంగు అద్దిన జనపనార గుడ్డ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెక్సిన్ పనికిరాదు. స్లాబు కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి, లేకపోతే రాత్రంతా దురదే.

మంట గురించి కూడా చెప్పకుండా ఉండలేను. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని 'ది స్టేషన్' అనే నైట్‌క్లబ్‌లో, వేదిక చుట్టూ శబ్దం తగ్గడానికి అంటించిన పాలీయూరిథేన్ ఫోమ్‌కి బాణసంచా నిప్పు అంటుకుని 100 మంది చనిపోయారు. మామూలు పరుపుల ఫోమ్ కొనుక్కొచ్చి, వైర్లూ యాంప్లిఫయర్లూ ఉన్న, ఒకటే తలుపు ఉన్న గదిలో దయచేసి అంటించకండి. రాక్‌వూల్ మండదు. నేను దాన్ని ఎంచుకోవడానికి సౌండ్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

అపోహ: ఎంత ఎక్కువ కప్పితే అంత మంచిది

ఈ లెక్క 130 ఏళ్ళ కిందటే తేలింది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావట్లేదని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి దాన్ని సరిచేసే పని అప్పగించారు. పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి సీటు కుషన్లు మోయించి, రాత్రిళ్ళు ఒక ఆర్గన్ పైపు, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎన్ని కుషన్లు పెడితే శబ్దం ఎంత త్వరగా ఆగుతోందో కొలిచాడు. అందులోంచి వచ్చిన సూత్రాన్నే నేను రోజూ వాడతాను. తెరిచిన కిటికీ ఒక చదరపు అడుగు ఎంత శబ్దాన్ని బయటికి పోనిస్తుందో, దాన్ని ఒక సబీన్ అంటారు.

పైన చెప్పిన గదికే వేసి చూద్దాం. పదడుగుల ఎత్తు అనుకుంటే 1,540 ఘనపుటడుగులు. మాటలు తేటగా వినపడాలంటే శబ్దం ఆగే సమయం 0.3 నుంచి 0.4 సెకన్ల మధ్య ఉండేలా చూసుకుంటాను. 0.35కి లెక్కేస్తే సుమారు 215 సబీన్లు కావాలి. ఖాళీ గదిలో గోడలు, నేల, శ్లాబు అన్నీ కలిపి 25కి మించవు, అందుకే ఖాళీ గది మూడు సెకన్లు మోగుతుంది. మెత్తటి సోఫా, మనుషులు, కార్పెట్, కర్టెన్లు కలిసి వంద పైన ఇస్తాయి. మిగిలిన వందకి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ప్యానెళ్ళు, అంటే పైన చెప్పిన రాక్‌వూల్ ఫ్రేములు, పన్నెండో పదమూడో సరిపోతాయి. గదిలోని మొత్తం 808 చదరపు అడుగుల్లో అది ఎనిమిదో వంతు. మిగతాది వదిలేయాలి. అంతా కప్పితే గొంతులు ప్రాణం లేనట్టు ఉంటాయి, పాట వినడానికి బుద్ధి పుట్టదు.

ఆ పన్నెండూ ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి ఇంట్లో అద్దం చాలు. మీరు మీ సీట్లో కూర్చోండి. ఇంకొకరు చిన్న అద్దాన్ని పక్క గోడకి ఆనించి, మీ చెవుల ఎత్తులో మెల్లగా జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకర్ కనపడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. స్పీకర్ నుంచి గోడకి కొట్టుకుని మీ చెవికి మొదట చేరే శబ్దం అక్కడి నుంచే వస్తుంది. మొదటి ప్యానెల్ అక్కడే. పిల్లలకి ఈ పని చాలా సరదా, వాళ్ళకే అప్పగించండి.

అపోహ: ప్యానెళ్ళు పెడితే పక్క ఫ్లాట్‌కి సౌండ్ వెళ్ళదు

వెళ్తుంది. గదిలో శబ్దం మోగకుండా చేయడం ఒక పని, గది దాటి పోకుండా ఆపడం వేరే పని. మొదటిదానికి మెత్తటి, గాలి ఆడే వస్తువు కావాలి. రెండోదానికి బరువు కావాలి, సందులు లేకుండా ఉండాలి. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఇందులో మనకి మంచి నేస్తం. మోసం చేసేది తలుపు. ఏడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉందంటే అది తలుపు విస్తీర్ణంలో 168వ వంతు. ఆ ఒక్క సందు వల్ల, తలుపు ఉక్కుదైనా 22 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు.

మన పాత ఇళ్ళలో ప్రతి తలుపుకీ గడప ఉండేది, పసుపు రాసుకునేవాళ్ళం. ఇప్పటి ఫ్లాట్లలో లోపలి గదులకి గడపలు తీసేశారు. థియేటర్ గదికి మాత్రం నేను చెక్క గడప పెట్టించి, తలుపు చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ వేయిస్తాను. ప్లైవుడ్ తలుపు స్థానంలో బరువైన ఘనమైన చెక్క తలుపు పెట్టిస్తాను. ఇవి చేశాక హాల్లోకి వచ్చే మాటల శబ్దంలో తేడా వెంటనే తెలుస్తుంది. బాస్ మాత్రం శ్లాబు గుండా కింది ఇంటికి దిగుతుంది. దాన్ని పూర్తిగా ఆపడానికి నేలా గోడలూ పాత వాటిని తాకకుండా గదిలో గది కట్టాలి. అపార్ట్‌మెంట్‌లో అది అయ్యే పని కాదు, రాత్రి పదకొండు దాటాక సబ్ తగ్గించుకోవడమే మర్యాద.

అపోహ: సబ్‌వూఫర్ పెద్దదైతే, మూలలో పెడితే బాస్ బాగుంటుంది

మూలలో పెడితే బాస్ ఎక్కువవుతుంది. ఎక్కువవడం, బాగుండటం ఒకటి కాదు. 14 అడుగుల గది 40 హెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతుంది, అల పొడవులో సగం ఆ గోడల మధ్య సరిగ్గా ఇముడుతుంది కాబట్టి. వెనక గోడకి సోఫా ఆనించి కూర్చున్నవాళ్ళకి ఆ స్వరం చెవులు బద్దలయ్యేలా వినిపిస్తుంది, సరిగ్గా మధ్యలో ఏడడుగుల దగ్గర కూర్చున్నవాళ్ళకి దాదాపు మాయమవుతుంది. అదే సినిమా, అదే సబ్. ఈ గదిలో నేను సోఫాని ముందు గోడ నుంచి సుమారు తొమ్మిదడుగుల దగ్గరికి జరిపించాను. రూపాయి ఖర్చు కాలేదు. గది చతురస్రంగా ఉంటే పొడవు స్వరం, వెడల్పు స్వరం ఒకటే అయి రొద ఇంకా పెరుగుతుంది, వీలైతే అలాంటి గదిని ఎంచుకోకండి.

సబ్‌కి చోటు వెతకాలంటే దాన్ని మీ సీట్లోకే ఎక్కించండి. బాస్ గిటార్ నడక స్పష్టంగా ఉన్న పాట పెట్టి, గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ వినండి. ఒక చోట గుమ్మంటుంది, ఒక చోట ఏమీ వినపడదు, ఒక చోట ప్రతి స్వరం సమానంగా వస్తుంది. సబ్‌ని అక్కడ పెట్టండి.

అపోహ: కర్టెన్లు, చెక్కలా కనపడే పీవీసీ పట్టీల ప్యానెళ్ళు చాలు

మందపాటి వెల్వెట్ కర్టెన్ మడతలు మడతలుగా, గోడకి కాస్త ఎడంగా వేలాడితే మాటల స్థాయి శబ్దాల వరకు సాయపడుతుంది, బాస్‌ని ముట్టుకోదు. ఇప్పుడు అందరూ వేయిస్తున్న చారల పీవీసీ పట్టీలు చూపుకి బాగుంటాయి, శబ్దాన్ని పీల్చవు.

అపోహ: యాంప్లిఫయర్‌లో మైక్ పెట్టి ఆటో సెటప్ చేస్తే గది లోపాలన్నీ పోతాయి

ఆటో సెటప్ అంటే యాంప్లిఫయర్ ఆ మైక్‌తో గదిని విని సౌండ్‌ని తనే సర్దడం. ఒక స్వరం ఎక్కువగా మోగుతుంటే అది తగ్గించగలదు, ఆ మేరకు చాలా మంచి సాధనం. కానీ మీ సీటు దగ్గర ఒక స్వరం మాయమైతే దాన్ని నింపలేదు. 10 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ పదింతల పవర్ ఇవ్వాలి, ఇచ్చినా గోడ నుంచి తిరిగొచ్చే అల కూడా అంతే పెరిగి మళ్ళీ దాన్ని చెరిపేస్తుంది. సీటు జరపడం, సబ్ జరపడం, మూలల్లో మందం పెంచడం ముందు చేయాలి, మైక్ చివర్లో. ఆ మైక్‌ని సోఫా వీపుకి ఆనించకుండా, చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి, ఏసీ, ఫ్యాన్ ఆపి కొలవండి. తర్వాత ఎప్పుడైనా ప్యానెళ్ళు పెంచినా, సోఫా మార్చినా మళ్ళీ కొత్తగా కొలవాలి, పాత లెక్క పాత గదిదే.