ట్యూబ్ గిటార్ యాంప్ వైరింగ్ లేఅవుట్: అపోహలు - వాస్తవాలు

సొంతంగా ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ యాంప్లిఫైయర్) కట్టుకునేవాళ్లు సర్క్యూట్ ఎంచుకోవడానికి నెలలు తీసుకుంటారు గానీ, లేఅవుట్‌ని, అంటే ఏ పార్టు, ఏ వైరు ఎక్కడ ఉండాలన్నదాన్ని, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు తేల్చేస్తారు. యాంప్ హమ్ చేస్తుందా, ఈల వేస్తుందా అన్నది చాలావరకు ఈ లేఅవుట్‌లోనే తేలిపోతుంది.

అపోహ: స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) ఉన్న వరుసలోనే పార్టులు పేర్చేస్తే చాలు.
వాస్తవం: ఏది దేనికి కలవాలో స్కీమాటిక్ చెబుతుంది, ఎక్కడ కలవాలో చెప్పదు. ఛాసిస్ (పార్టులన్నీ బిగించే లోహపు పెట్టె) అసలు సైజులోనే కాగితం మీద గీయండి. ట్యూబ్ సాకెట్‌ని మనం సోల్డర్ చేసే వైపు నుంచి చూస్తున్నట్టు గీయాలి, అటు నుంచి పిన్ నంబర్లు గడియారం ముల్లు తిరిగే దిశలో వస్తాయి. 12ఏఎక్స్7 అనే ప్రీయాంప్ ట్యూబ్‌లో గ్రిడ్లు (సిగ్నల్ లోపలికి వెళ్లే పిన్లు) 2, 7. ఆ పిన్ల నుంచి బోర్డుకి పోయే వైరు హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడెక్కించేది) వైర్ల మీదుగా పోకుండా, డ్రిల్ చేయకముందే సాకెట్‌ని కాగితం మీద తిప్పి చూసుకోండి.

అపోహ: గ్రౌండ్ ఎక్కడైనా గ్రౌండే, ఛాసిస్‌కి ఎక్కడ తగిలించినా ఒకటే.
వాస్తవం: చాలా యాంప్‌లు హమ్ చేసేది ఈ నమ్మకం వల్లే. రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ (ఆ డీసీలో ఎగుడుదిగుడుల్ని తగ్గించేది) కరెంట్‌ని నిలకడగా తీసుకోదు, ఏసీ ప్రతి అర సైకిల్‌కి ఒకసారి గట్టి పల్స్‌గా లాగుతుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హైటెన్షన్ వైండింగ్ సెంటర్ ట్యాప్‌ని (దాని మధ్య నుంచి వచ్చే వైరుని) ఒక మూల, ఈ కెపాసిటర్ నెగెటివ్‌ని ఇంకో మూల ఛాసిస్‌కి కలిపారనుకోండి, ఆ పల్స్‌లన్నీ ఛాసిస్ రేకు గుండా ప్రీయాంప్ (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) గ్రౌండ్ పక్క నుంచే పారతాయి, రేకుకి ఉన్న ఆ కాస్త రెసిస్టెన్స్ మీద పుట్టే వోల్టేజీని మొదటి ట్యూబ్ గిటార్ సిగ్నల్‌తో పాటే పెంచేస్తుంది. అందుకే సెంటర్ ట్యాప్ నేరుగా ఆ కెపాసిటర్ నెగెటివ్ కాలికే రావాలి. ప్రతి స్టేజీ (సిగ్నల్‌ని పెంచే ఒక్కో మెట్టు) గ్రౌండ్, ఆ స్టేజీకి సప్లై ఇచ్చే కెపాసిటర్ దగ్గరికే వెళ్లాలి. సిగ్నల్ గ్రౌండ్ ఛాసిస్‌కి ఒక్కచోటే తగలాలి, ఇన్‌పుట్ జాక్ దగ్గరైతే మంచిది. మెయిన్స్ ఎర్త్ సంగతి వేరు: దానికి విడిగా ఒక బోల్టు ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి తగిలించవద్దు.

చెవితో కూడా కొంత పట్టుకోవచ్చు. 50 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్నచోట 100 హెర్ట్జ్ బర్రుమనే మోత వస్తే ముందు సప్లైనీ గ్రౌండ్‌నీ చూడండి, 50 హెర్ట్జ్ హమ్ అయితే హీటర్లనీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ అనుమానించండి.

అపోహ: వైర్లన్నీ ఒకే కట్టగా, నీట్‌గా కట్టేస్తే మంచిది.
వాస్తవం: చూడ్డానికి బాగుంటుంది, అంతే. ప్లేట్ (ట్యూబ్ నుంచి పెరిగిన సిగ్నల్ బయటికి వచ్చే పిన్) వైరు ముందు స్టేజీల గ్రిడ్ వైరు పక్కనే సాగితే యాంప్ ఆసిలేట్ అవ్వొచ్చు, అంటే తనంతట తానే ఈల వేయొచ్చు. దూరంగా పెట్టండి, దాటక తప్పకపోతే 90 డిగ్రీల్లో దాటించండి. హీటర్ జతని మాత్రం గట్టిగా మెలేయాల్సిందే: రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు, మూడు 12ఏఎక్స్7లు ఉంటే ఆ వైర్లలో 6.3 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్ల ఏసీ పారుతుంది.

అపోహ: అంతటా షీల్డ్ వైరు (చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) వాడితే గొడవే ఉండదు.
వాస్తవం: షీల్డ్ వైరుకి కెపాసిటెన్స్ ఉంటుంది, ట్రెబుల్‌ని తినేస్తుంది. ఇన్‌పుట్ జాక్ నుంచి మొదటి గ్రిడ్ దాకా వాడండి, షీల్డ్‌ని ఒక చివరే గ్రౌండ్ చేయండి. 68 కిలోఓమ్స్ గ్రిడ్ స్టాపర్ (గ్రిడ్‌కి వెళ్లే దారిలో పెట్టే రెసిస్టర్) జాక్ దగ్గర కాదు, సాకెట్ పిన్ మీదే ఉండాలి.

అపోహ: పాతకాలపు గుడ్డ చుట్టిన వైరుతో టోన్ బాగుంటుంది.
వాస్తవం: టోన్‌కి ఏ సంబంధమూ లేదు. ఇన్సులేషన్‌కి 600 వోల్టుల రేటింగ్ ఉందా లేదా అదొక్కటి చూడండి.

అపోహ: ప్లగ్ పీకేశాక భయం లేదు.
వాస్తవం: ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులు అలాగే నిలిచి ఉండొచ్చు, అది ప్రాణాలు తీయగలదు. బ్లీడర్ రెసిస్టర్‌ని (కెపాసిటర్లని ఖాళీ చేసేదాన్ని) తర్వాత చూద్దామని వదిలేయకుండా లేఅవుట్‌లోనే చోటివ్వండి. 220 కిలోఓమ్స్, 2 వాట్లది పెడితే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఖాళీ అవడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అది కూడా ఊడిపోయి ఉండొచ్చు కాబట్టి, మీటర్ ప్రోబ్ సులువుగా అందే చోట ఒక టెస్ట్ పాయింట్ గీసుకుని, చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు అక్కడ వోల్టేజీ కొలవండి.